తిరిగి వస్తాననడానికి రుజువు

శుక్రవారం ఆఖరి పీరియడ్ అయ్యాక
భూగోళం గదిలో చీపురుపుల్లతో
ఐరోపా మీద గుచ్చి చూపించింది సుభాషిణి పాణిగ్రాహి.
"ప్రాగ్" అంది.
తన ఒడియా నోట్లో అదేదో మిఠాయి పేరులా వినిపించింది.
శని, ఆదివారం. రెండు రోజులు చాలు.
సోమవారం ప్రార్థన వేళకి వరసలో నిలబడి ఉండాలి మేం.

పర్లాకిమిడి నుంచి పలాస దాకా బస్సు,
పలాస నుంచి విశాఖ, విశాఖ నుంచి ఢిల్లీ,
అక్కణ్ణించి ఇంకెక్కడో దిగి, ఎక్కి...
లెక్కేస్తే వెళ్ళడానికే శనివారం అయిపోయింది,
రావడానికి ఆదివారం.
మధ్యలో మాకు మిగిలిన నగరం
నాలుగు గంటలు.
"మంచిదేలే, హోటలు ఖర్చు తప్పింది" అంది.

ప్లాను ప్లానే కదా, రఫ్ నోట్సులో గళ్ళు గీశాం.
తెల్లారకముందే వంతెన:
ముప్పై రాతి విగ్రహాలు, మంచు, మేమిద్దరం.
దాని సున్నంలో కోడిగుడ్లు కలిపారంటారట.
రాజుగారి కోట గోడల్లో బెల్లం, కరక్కాయ అనేవాడు
తాపీ పట్టిన మా తాత.
ఏ గోడ ఎక్కువ రుచి అని
కాసేపు గట్టిగానే వాదించుకున్నాం.

తర్వాత గడియారం. ఆరువందల ఏళ్ళదట.
గంట గంటకీ ఓ ఎముకలగూడు తాడు లాగుతుందట.
మా బళ్ళో ఆ పని దండాసిది.
వాడు రెండు నిమిషాలు ముందే కొట్టేస్తాడు, ఇంటికెళ్ళే తొందర.
ఆ ఎముకలగూడుకి ఇల్లు లేదు కాబోలు,
ఆరువందల ఏళ్ళుగా సరిగ్గా కొడుతోంది.

ఆపైన వీసా కాగితం.
మొదటి గడి పేరు. నేను అప్పలనరసమ్మని.
సర్వీసు పుస్తకంలో అప్పలనర్సమా.
పొలం పట్టాలో ఒడియా గుమాస్తా చెవికి వినబడినంత, అపలనరసు.
ఆధారులో ఇంగ్లీషు అక్షరాలు, రెండు ఎవరివో.
టికెట్టు ఏ మనిషికి తియ్యాలి?
"ముగ్గురూ వెళ్ళండి, రాయితీ ఇస్తారు."

నవ్వుతూనే తిప్పాం పేజీ.
మీరు తిరిగి వస్తారనడానికి రుజువేమిటి?

పొలమా? అర ఎకరం, అదీ తమ్ముడితో తగువులో ఉంది.
బ్యాంకు పుస్తకం చూపిస్తే వాళ్ళే జాలిపడి ఓ కోటు ఇస్తారు.
ఇంకేం ఉంది నా దగ్గర?

తెలుగు సెక్షను ఉంది.
నేను చేరినప్పుడు నూట నలుగురు, ఇప్పుడు పదకొండు.
నేను ఒక్క సోమవారం కనపడకపోతే
పోస్టు ఖాళీ అని రాస్తారు.
ఖాళీ అని రాసిన చోట
మళ్ళీ ఎవరూ తెలుగు అని రాయరు.

ఉత్వసంధి సగంలో ఉంది.
రెండు అచ్చులు కలిసేచోట ఒకటి పోతుందిరా అని చెప్పి
బోర్డు మీద 'ఉ' చెరిపేశాను.
ఎనిమిదో తరగతి ఢిల్లేశు చెయ్యెత్తాడు:
"పోయింది ఏటైపోద్ది టీచరమ్మా?"
అప్పుడే గంట కొట్టాడు దండాసి.
సోమవారం చెప్తాను, అన్నాను.

ఇది రుజువు కిందికి వస్తుందా?
సుభాషిణి ఏమీ అనలేదు.
ఆ గడిలో నలభై అక్షరాలకి మించి పట్టవంది, కాసేపాగి.
తనది భూగోళం. సరిహద్దు గీతలు
ఎర్రసిరాతో దిద్దించడం తన పని,
నా మొహంలోకి చూడకుండా పటం చుట్టడం మొదలెట్టింది.

బయట దండాసి తాళాల గుత్తి ఆడిస్తున్నాడు,
ఇవాళ మూడు నిమిషాలు ముందే.

"ఉండు" అన్నాను.
ప్రాగ్ ఉండాల్సిన చోట
చీపురుపుల్ల దిగి సన్నని బెజ్జం పడింది.
కన్ను ఆనించి చూశాను.
వెనక మా బడి గోడ,
పెచ్చులూడిన సున్నం.